పాడుబడ్డ బోరు, గట్టు లేని బావి, తవ్వి వదిలేసిన గుంత: స్థలం యజమాని చేయాల్సిన పనులు

2020 మే 27న మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పొడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాబు బోరులో పడి చనిపోయాడు. అది ఎప్పుడో తవ్వి మరిచిపోయిన బోరు కాదు, అప్పుడే వేసింది. నీళ్లు పడలేదు, మూత పడలేదు. 2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో ఏడాదిన్నర పాప కోసం రోజుల తరబడి తవ్వారు, చివరికి మృతదేహమే దొరికింది. అదే ఏడాది ఆగస్టులో వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో రెండేళ్ల బాబును ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లు అర్ధరాత్రి దాటాక ప్రాణాలతో బయటికి తీశారు. ఆ పిల్లవాడు ఎక్కువ లోతుకు జారకుండా మధ్యలోనే ఆగిపోవడం వల్ల బతికాడు.

ఇలాంటి వార్త వచ్చిన వారం రోజులు అందరం అధికారులను తిడతాం. అధికారుల తప్పు ఉంటే ఉంది. కానీ ఆ బోరు ఉన్న భూమికి ఒక పట్టాదారు ఉంటాడు. బోరు మూయడానికి అతనికి కావాల్సింది కొన్ని వందల రూపాయల మూత, లేదంటే ఒక పూట పని. గుంత తవ్విన క్షణం నుంచి అది పూర్తిగా పూడేవరకు దాని బాధ్యత స్థలం యజమానిదే. తవ్వింది బోరు బండివాళ్లైనా, వాడుకుంటున్నది కౌలు రైతైనా, పడినవాళ్లు పిలవకుండా వచ్చినవాళ్లైనా ఈ మాట మారదు. పొలం, ప్లాటు, ఇల్లు, కట్టుబడి స్థలం, వీటిలో ఏది ఉన్నా ఈ పనులు ఎలా చేయాలో కింద రాస్తున్నాను. ఎక్కువ భాగం బోర్ల గురించే ఉంటుంది, మన దగ్గర అందరూ తేలిగ్గా తీసుకునేది దాన్నే కాబట్టి.

ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోండి

బోరుబావుల్లో పిల్లలు పడి చనిపోవడాన్ని సుప్రీంకోర్టు 2009లో విచారణకు తీసుకుంది. 2010 ఫిబ్రవరి 11న మార్గదర్శకాలు ఇచ్చి, అదే ఏడాది ఆగస్టు 6న వాటిని సవరించింది. అవి దేశమంతటికీ వర్తిస్తాయి. వాటిలో యజమాని గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి. బోరు వేయడానికి కనీసం 15 రోజుల ముందు సంబంధిత అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. బోరు వేసే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి. పని జరిగే చోట ఆ సంస్థ చిరునామా, యజమాని చిరునామా రాసిన బోర్డు పెట్టాలి. చుట్టూ ముళ్లతీగ కంచె గానీ మరో అడ్డు గానీ ఉండాలి. కేసింగ్ (బోరులో దింపే గొట్టం) చుట్టూ అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పుతో సిమెంటు దిమ్మ కట్టాలి. అది నేలపైన 0.30 మీటర్లు, నేలలోపల 0.30 మీటర్లు ఉండాలి. కేసింగ్ మూతికి ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయాలి, లేదా నట్లు, బోల్టులతో గట్టి మూత బిగించాలి. మోటారు రిపేరుకు తీసినా మూతి తెరిచి ఉంచకూడదు. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లు, బోరు నుంచి వచ్చిన రాతిపొడి వంటి వాటితో నింపాలి. అలా నింపినట్టు సంబంధిత శాఖ నుంచి ధ్రువపత్రం కూడా ఉండాలి.

మన రెండు రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా ఉంది. కొత్త బోరుకు ఆ చట్టం కింద అనుమతి తీసుకోవాలి. దరఖాస్తు మీసేవలో పెట్టుకోవచ్చు.

ప్రాణం పోతే వ్యవహారం పోలీసుల దాకా వెళ్తుంది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమైతే ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. పాత ఐపీసీలో ఇది రెండేళ్లే. ప్రాణం పోకపోయినా, ఎదుటివాళ్ల ప్రాణాలను ప్రమాదంలో పెట్టినందుకు 125వ సెక్షన్ ఉంది. ప్రమాదం జరగకముందే పనికొచ్చే సెక్షన్ మరొకటి ఉంది, దాని గురించి చాలామందికి తెలియదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద, దారి పక్కన లేదా జనం తిరిగే చోటు పక్కన ఉన్న బావికి, చెరువుకు, గుంతకు కంచె వేయమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ (ఆర్డీఓ వంటి అధికారి) యజమానిని ఆదేశించవచ్చు. పక్కవాళ్ల స్థలంలో బావి ప్రమాదకరంగా ఉండి, చెప్పినా వాళ్లు వినకపోతే ఆర్డీఓ ఆఫీసులో అర్జీ ఇవ్వడానికి ఇదే ఆధారం.

"నా పొలంలోకి వాళ్ల పిల్లలు ఎందుకొచ్చారు?" అని అడిగేవాళ్లు ఉంటారు. మూడేళ్ల పిల్లవాడికి సర్వే నంబర్లు తెలియవు. మేకలు కాసే పిల్లలు, కూలికి వచ్చిన తల్లి వెంట ఉన్న పసివాడు, మామిడికాయల కోసం గట్టు దాటి వచ్చిన బడిపిల్లలు మన పొలాల్లో తిరుగుతూనే ఉంటారు. అది అందరికీ తెలిసిన సంగతే. తెలిసీ గుంత తెరిచి ఉంచితే దాన్నే నిర్లక్ష్యం అంటారు.

మొదటి పని: స్థలమంతా నడిచి జాబితా రాయండి

ఇంట్లో కూర్చుని గుర్తు తెచ్చుకుంటే సరిపోదు. ఊళ్లో పెద్దవాళ్లనో, ఆ పొలంలో పాతికేళ్లుగా పనిచేస్తున్న పాలేరునో వెంటబెట్టుకుని నడవండి. నాన్నగారి కాలంలో వేసి ఫెయిలైన బోర్లు వాళ్లకే తెలుస్తాయి. వేసవిలో నడిస్తే ఇంకా మంచిది. వానాకాలంలో గడ్డి మోకాలి దాకా పెరిగి బోరు మూతులు కనపడవు.

వీటిని వెతకండి: నీళ్లు పడని బోర్లు, ఎండిపోయిన బోర్లు, మోటారు తీసేసిన బోర్లు, కేసింగ్ పైపు లాగేసిన బోర్లు, పాత మోటబావులు, ఫాం పాండ్లు (పొలంలో నీళ్లు నిల్వ చేసే కుంటలు), మొరం తవ్విన గుంతలు, ఇటుక బట్టీ కోసం మట్టి తీసిన గుంతలు, సంపులు, సెప్టిక్ ట్యాంకులు, కట్టుబడి ఆగిపోయిన పునాదులు, లిఫ్టు గుంతలు. ఒక్కోదాన్ని లొకేషన్, తేదీ వచ్చేలా ఫోన్‌తో ఫొటో తీయండి. లోతు ఎంతో, దారికి, ఇళ్లకు, బడికి ఎంత దూరమో పక్కన రాసుకోండి. దారికి దగ్గరగా ఉన్నవాటి పని ముందు పెట్టుకోండి.

రెండో పని: పొద్దుగూకేలోపు తాత్కాలిక మూత

శాశ్వతంగా పూడ్చడానికి రోజులు పట్టవచ్చు. మూత మాత్రం ఈ రోజే పడాలి. మన దగ్గర ఎక్కువగా చేసేది మూతికి ప్లాస్టిక్ గోనె సంచి కట్టడం, పైన ఒక బండ పెట్టడం, లేదా కంప కొట్టి వేయడం. ఈ మూడూ పనికిరావు. ప్లాస్టిక్ సంచి ఒక్క ఎండాకాలానికే పొడిపొడి అవుతుంది. అప్పటికీ పైకి సంచి ఉన్నట్టే కనపడుతుంది కాబట్టి అది ఇంకా ప్రమాదం. బండను పిల్లలు ఆడుకుంటూ పక్కకు జరుపుతారు. కంపను ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోతారు.

పీవీసీ కేసింగ్‌కు సరిపోయే మూతలు బోరు సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. దాన్ని పైపుకు అడ్డంగా బోల్టు వేసి బిగించండి, చేత్తో తిప్పితే రాకూడదు. ఇనుప కేసింగ్ అయితే వెల్డింగ్ చేసే మనిషిని పిలిపించి ప్లేటు అతికించండి. కొత్త బోరు వేయిస్తున్నవాళ్లు బండి వచ్చేటప్పటికే మూత కొని పెట్టుకోవాలి. నీళ్లు పడతాయో లేదో తెలియకముందే ఈ ఖర్చు చేయాలి. బోరు ఫెయిలైన రాత్రి రైతు మనసు ఎలా ఉంటుందో తెలిసిందే. లక్షలు పోయిన బాధలో ఎవరికీ మూత గుర్తుకు రాదు. అందుకే అది ముందుగానే బండి పక్కన ఉండాలి. మూత బిగించేదాకా మిగతా డబ్బు ఇవ్వనని బోరు బండివాళ్లతో ముందే మాట్లాడుకోండి. బండి ఎక్కడ తవ్వుతుంటే అక్కడికి, ముఖ్యంగా చీకటి పడ్డాక, పిల్లలను రానివ్వకండి.

మోటారు రిపేరుకు ఇచ్చిన రోజుల్లోనూ ఇదే. మోటారు షాపులో నాలుగు రోజులు ఉంటే బోరు నాలుగు రోజులూ మూతి తెరుచుకునే ఉంటుంది. ఒక మూత ఎప్పుడూ స్టార్టర్ డబ్బా దగ్గరే ఉంచుకోండి.

మూడో పని: ఫెయిలైన బోరును అడుగు నుంచి పూడ్చడం

పైనుంచి రెండు తట్టల మట్టి పోసి తొక్కితే బోరు పూడినట్టు కాదు. ఆ మట్టి పది పదిహేను అడుగుల దగ్గర అడ్డుపడి నిలుస్తుంది. కింద వందల అడుగులు ఖాళీగానే ఉంటాయి. ఒక పెద్ద వాన పడగానే ఆ అడ్డు కిందికి జారి బోరు మళ్లీ నోరు తెరుస్తుంది.

ముందు లోతు కొలవండి. నైలాన్ తాడుకు అరకిలో ఇనుప ముక్క కట్టి దింపండి. తగిలిన చోట తాడుకు ముడి వేసి కొలుచుకోండి. కేసింగ్ లేని బోరు అయితే మూతి చుట్టూ నేల గుల్లగా ఉంటుంది. పక్కన వెడల్పాటి చెక్కలు పరిచి వాటి మీద నిలబడి పనిచేయాలి.

తర్వాత ఎంత సరుకు కావాలో లెక్క వేయండి. మామూలు ఆరున్నర అంగుళాల బోరులో ప్రతి 100 అడుగులకు పట్టేది దాదాపు 23 ఘనపుటడుగులే. 300 అడుగుల బోరుకు 70 ఘనపుటడుగుల లోపే సరిపోతుంది. 100 ఘనపుటడుగులు పట్టే ట్రాక్టర్ ట్రాలీ ఒకటి తెప్పిస్తే ఇంకా మిగులుతుంది. అందులో కొంత భాగం బోరు వేసినప్పుడు బయటికి వచ్చిన రాతిపొడి రూపంలో పక్కనే కుప్పగా ఉంటుంది. పొలంలో ఒక పాత బోరు పూడ్చడానికి అయ్యే ఖర్చు కొత్త బోరుకు పెట్టిన దానిలో చాలా చిన్న భాగం. ఈ లెక్క తెలియకపోవడం వల్లే చాలామంది ఇదేదో పెద్ద పని అనుకుని ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు.

కింది భాగానికి ఇసుక, రాతిపొడి, సన్న కంకర వాడండి. కంకర 20 ఎంఎం దాటకూడదు. పెద్ద రాళ్లు మధ్యలో ఇరుక్కుంటాయి. బోరులో నీళ్లున్నప్పుడు మెత్తటి మట్టి పోస్తే అదీ గడ్డకట్టి అడ్డుపడుతుంది. అందుకే మట్టి పై భాగానికే ఉంచుకోండి. ఒక్కసారిగా ట్రాలీ ఎత్తి కుమ్మరించొద్దు, పారతో కొంచెం కొంచెం పోయాలి. ప్రతి 10 ఘనపుటడుగులకు ఒకసారి తాడు దింపి చూడండి. 10 ఘనపుటడుగులు పోస్తే లోపలి మట్టం 43 అడుగుల దాకా పైకి రావాలి. తాడు 80 అడుగులో 100 అడుగులో పైకి వచ్చినట్టు చూపిస్తే మధ్యలో అడ్డుపడిందన్నమాట. అప్పుడు ఆపేసి నీళ్లు పోయండి, బరువైన ఇనుప కడ్డీని గట్టి తాడుకు కట్టి పైనుంచి వదిలి కొట్టండి, అడ్డు విడిపోతుంది. తాడు మళ్లీ కిందికి వెళ్లాకే పోయడం మొదలుపెట్టండి. మొత్తం పనిలో ఓపిక కావాల్సింది ఇక్కడే, కూలీలకు వదిలేసి వెళ్లకుండా మీరు దగ్గరుండి చూసుకోవాల్సిందీ ఇక్కడే.

పై 15 అడుగుల్లో బంకమట్టి వేయండి. కొంచెం తడిపి, పొరలు పొరలుగా వేసి పొడవాటి కర్రతో దిమ్మిస కొట్టండి. వాన నీళ్లు, పొలానికి కొట్టిన మందులు నేరుగా భూగర్భ జలాల్లోకి దిగకుండా కూడా ఇది ఆపుతుంది. చివర నేల మీద ఒక అడుగు ఎత్తున కుప్పలా వదిలేయండి, మట్టి కుంగినా గుంత పడదు. మొదటి రెండు పెద్ద వానల తర్వాత వెళ్లి చూసి, కుంగి ఉంటే మళ్లీ పోయండి.

కేసింగ్ పైపు లాక్కుని వేరే బోరుకు వాడుకోవాలనుకునే రైతులు చాలామంది. తప్పేం లేదు, అది డబ్బుతో కొన్న పైపు. కానీ పైపు లాగేసిన వెంటనే మూతి దగ్గర మెత్తటి నేల విరిగి లోపలికి జారుతుంది. ఆరున్నర అంగుళాల రంధ్రం పైన గరాటులా వెడల్పు అవుతుంది. పసిపిల్లలు జారిపోవడానికి అదే సరిపోతుంది. అందుకే ముందు కేసింగ్ కింది అంచు వరకు పూడ్చండి, తర్వాత పైపును కొద్దికొద్దిగా పైకి లాగుతూ, లాగినంత మేర నింపుతూ రండి. పైపు లాగడం, పూడ్చడం ఒకే రోజు అయిపోవాలి. పైపు పట్టుకుపోయే మనిషి ముందు వచ్చి, పూడ్చే మనిషి వారం తర్వాత వస్తానంటే పైపు లాగనివ్వకండి.

చెత్త, పురుగుమందు డబ్బాలు, చచ్చిన కోళ్లు మాత్రం బోరులో వేయకండి. ఊరి తాగునీటి బోరుకూ మీ బోరుకూ కింద ఉన్న నీరు ఒకటే కావచ్చు.

ఎండిన బోరును ఇంకుడు గుంతకు కలిపి భూగర్భ జలాలు పెంచుకోవాలనుకుంటే అది మంచి ఆలోచనే. భూగర్భ జల శాఖవాళ్లను అడిగి, వడపోత పొరలతో కట్టించుకోండి. కేసింగ్ పైపు మూతికి బోల్టు మూత అప్పుడూ ఉండాల్సిందే.

నాలుగో పని: కాగితం

పూడ్చడానికి ముందు, పూడుస్తున్నప్పుడు, పూడ్చాక ఫొటోలు తీయండి. తర్వాత పంచాయతీకి ఒక లేఖ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. లేఖ ఇలా ఉంటే చాలు:

"గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి. మా గ్రామ శివారులో ఫలానా సర్వే నంబరులో నాకున్న భూమిలో ఫలానా తేదీన వేసిన, ఇన్ని అడుగుల లోతు గల బోరుబావిలో నీరు లేనందున దానిని ఫలానా తేదీన అడుగు నుంచి నేల మట్టం వరకు పూడ్చాను. ఫొటోలు జతపరిచాను. సుప్రీంకోర్టు 2010 మార్గదర్శకాల ప్రకారం పరిశీలించి, సరిగా పూడ్చినట్టు ధ్రువపత్రం ఇప్పించగలరు. పంచాయతీ వద్ద ఉన్న బోర్ల వివరాల్లో దీనిని నమోదు చేయగలరు."

ఆ మార్గదర్శకాల ప్రకారం పల్లెల్లో పర్యవేక్షణ సర్పంచ్‌ది, వ్యవసాయ శాఖ అధికారిది. ఏ బోరు వాడుకలో ఉంది, ఏది వదిలేశారు, ఏది పూడ్చారు అన్న లెక్క జిల్లా స్థాయిలో ఉండాలి. మీ లేఖ ఆ లెక్కలోకి వెళ్లాలి. ఆఫీసులో "ఇలాంటి ధ్రువపత్రం మేమెప్పుడూ ఇవ్వలేదు" అంటే వాదన పెట్టుకోకండి. లేఖ తీసుకున్నట్టు ముద్ర వేయించుకుని రండి.

ఐదో పని: బావులు, ఫాం పాండ్లు

బోరు లెక్క బావికి పనిచేయదు. 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతున్న మోటబావిని పూడ్చాలంటే 35 వేల ఘనపుటడుగుల మట్టి కావాలి, అంటే 350 ట్రాలీలు. రైతు ఒక్కడికి అది భారమే, కాదనలేం. అందుకని బావి విషయంలో ముందు చేయాల్సింది గట్టు, కంచె.

పిట్టగోడ కనీసం నాలుగు అడుగుల ఎత్తు ఉండాలి. రాతి కట్టడం ఉన్న బావికైతే దాని మీదే కట్టొచ్చు. మట్టి బావి అంచున మాత్రం కట్టకండి, అంచు విరిగితే గోడా పోతుంది. గట్టి నేల దొరికేదాకా వెనక్కి జరిగి కట్టండి, లేదా సిమెంటు స్తంభాలు పాతి ఐదారు వరుసల ముళ్లతీగ లాగండి. మెట్లున్న వైపు గేటు పెట్టి తాళం వేయండి. వేసవి సెలవుల్లో పిల్లలు ఈతకు వస్తారు, బోర్డు పెడితే ఆగరు. లోపలికి ఒక గట్టి తాడు, దానికి ముడులు, చివర గాలి నింపిన పాత ట్యూబు వేలాడదీసి ఉంచండి. ఎవరైనా పడితే సాయం వచ్చేదాకా పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

రోడ్డు పక్క బావి సంగతి వేరు. 2018 మార్చిలో నిజామాబాద్ జిల్లా మెండోరాలో ఆటో బావిలో పడి పిల్లలతో సహా పలువురు చనిపోయారు. 2020 అక్టోబరులో వరంగల్ దగ్గర గవిచర్లలో జీపు బావిలోకి వెళ్లింది. ఇటుక పిట్టగోడ వాహనాన్ని ఆపలేదు. రోడ్డుకు, బావికి మధ్య ఎత్తైన మట్టికట్ట వేయించి, పెద్ద బండరాళ్లు వరుసగా పాతించండి. వాటికి రాత్రిపూట మెరిసే రేడియం స్టిక్కర్లు అతికించండి. రోడ్డు ఏ శాఖదైతే ఆ శాఖ ఇంజినీరుకు ఇనుప రక్షణ పట్టీ కోసం అర్జీ పెట్టండి. అది మంజూరయ్యేదాకా మీ కట్ట మీరు వేయాలి.

పాత బావి మీద శ్లాబు వేసి మూసేయడం పూడ్చడం కాదు. 2023 మార్చి 30న ఇందోర్‌లో ఒక గుడిలో పాత మెట్లబావి మీద వేసిన కప్పు కూలి 36 మంది చనిపోయారు. పైన నిలబడ్డవాళ్లలో చాలామందికి కాళ్ల కింద బావి ఉందన్న సంగతే గుర్తులేదు. ప్లాటు కొన్నవాళ్లు, పాత ఇల్లు కూల్చి కడుతున్నవాళ్లు ఇరుగుపొరుగు పెద్దలను అడిగి, కింద బావి ఉందేమో తెలుసుకోండి. ఉంటే అడుగు నుంచి నింపించండి.

బావిలోకి మనిషిని దింపేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. వాడకంలో లేని బావి అడుగున ఆక్సిజన్ ఉండకపోవచ్చు, విషవాయువు ఉండవచ్చు. డీజిల్ ఇంజన్ లోపల దింపి నడిపితే ఆ పొగే మనిషిని చంపుతుంది. ఒకరు పడిపోతే కాపాడబోయి రెండోవాడు, అతని కోసం మూడోవాడు దిగి చనిపోవడం మళ్లీ మళ్లీ జరుగుతోంది. పూడిక తీయించాలంటే గ్యాస్ కొలిచే పరికరం ఉన్నవాళ్లతోనే చేయించండి. దిగే మనిషి నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు ఉండాలి. పడిపోయినవాడి కోసం ఎవరూ దిగకండి, అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేయండి.

ఫాం పాండ్ చూడటానికి బావంత భయంగా ఉండదు. నీళ్లు ఆరేడు అడుగులే. కానీ లోపల పరిచిన ప్లాస్టిక్ షీటు నాచు పట్టి జారుతుంది. ఈత వచ్చిన పెద్దమనిషి కూడా ఆ ఏటవాలు మీద కాలు నిలవక పైకి రాలేడు. నాలుగు వైపులా ముడులు వేసిన తాళ్లను గట్టు మీద గుంజలకు కట్టి నీళ్లలోకి వదలండి, చుట్టూ కంచె వేయండి. మొరం గుంతలకు, ఇటుక బట్టీ గుంతలకు వాన నీళ్లు చేరకముందే ఏటవాలు దారి తీయించండి. నిట్టనిలువు అంచులే మనుషుల ప్రాణం తీస్తాయి.

కంచె అంటే కరెంటు కాదు

అడవి పందుల కోసం కంచెకు నేరుగా కరెంటు పెట్టేవాళ్లు ఉన్నారు. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క పొలం రైతు, ఒక్కోసారి పెట్టినవాళ్ల ఇంటి మనుషులే దానికి తగిలి చనిపోతున్నారు. లైను నుంచి దొంగ కరెంటు లాగడమే నేరం, మనిషి చనిపోతే అది చాలా పెద్ద కేసు. గుంత చుట్టూ ముళ్లతీగ చాలు. పంట కోసం కరెంటు కంచె కావాలంటే ప్రాణం తీయని చిన్న షాకులిచ్చే సోలార్ కంచెలున్నాయి, అవి పెట్టుకోండి.

ఆరో పని: కట్టుబడి స్థలాలు

పట్టణాల్లో సెల్లార్ గుంతే పెద్ద ప్రమాదం. హైదరాబాద్‌లో వానాకాలం వచ్చే ముందు సెల్లార్ తవ్వకాలు ఆపమని అధికారులు చెప్పేది ఊరికే కాదు. నానిన నేల నిలువుగా నిలబడదు. తవ్విన మట్టిని అంచున కుప్ప పోయకండి, కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో ఉండాలి, లోతైన గుంతకు ఇంకా దూరం. పక్కింటి పునాదికి ఆనుకుని తవ్వేటప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీరు రాసిచ్చిన పద్ధతి లేకుండా జేసీబీని దింపకండి. చుట్టూ ఆరడుగుల రేకులు, రాత్రి లైటు, గేటు దగ్గర కాపలా మనిషి ఉండాలి.

కూలీల రేకుల షెడ్లు ఎక్కడ వేయిస్తున్నారో స్వయంగా చూడండి. 2024 మే 7న బాచుపల్లిలో భారీ వానకు రిటైనింగ్ వాల్ (మట్టి జారకుండా ఆపే గోడ) కూలి, దాని పక్కనే షెడ్లలో ఉన్న ఏడుగురు చనిపోయారు. వాళ్లలో పసివాడు కూడా ఉన్నాడు. గోడ కింద, గుంత అంచున, తవ్విన మట్టి కుప్ప పక్కన షెడ్డు వేయకూడదు. కాంట్రాక్టరుకు అప్పగించాం కదా అనుకోవద్దు. ఒప్పందంలో ఈ షరతులు రాయించండి, కాంట్రాక్టర్ ఆల్ రిస్క్ ఇన్సూరెన్స్ (కట్టుబడి పనిలో జరిగే ప్రమాదాలకు బీమా) తీసుకున్న కాగితం అడగండి, వారానికొకసారి వెళ్లి చూడండి. డబ్బులు లేక పని ఆగితే లిఫ్టు గుంతను, మెట్ల ఖాళీని పలకలతో మూసేసి, గేటుకు తాళం వేసి మరీ వెళ్లండి.

ఇంట్లో సంపు మూత పిల్లలు ఎత్తలేనిదై ఉండాలి, తాళం ఉండాలి. మూత కింద ఇనుప జాలీ బిగిస్తే ట్యాంకరువాడు మూత తెరిచి వెళ్లినా పిల్లలు లోపలికి పడరు. సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మిషన్ ఉన్న బండినే పిలిపించండి.

ఊళ్లో లేని యజమానులకు

హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటూ పొలం కౌలుకిచ్చినవాళ్ల స్థలాల్లోనే ఎక్కువ బోర్లు తెరిచి కనపడతాయి. కౌలు రైతు "నాది కాదు కదా" అనుకుంటాడు, యజమానికి సంగతే తెలియదు. కౌలు కాగితంలో కొత్త బోరు వేస్తే ముందే చెప్పాలని, ఫెయిలైతే ఎవరి ఖర్చుతో పూడ్చాలో రాసుకోండి. నా మాట అడిగితే పూడ్చే ఖర్చు యజమాని పెట్టుకోవడమే న్యాయం. ఏడాదికి ఒకసారి, మే నెలలో, ప్రతి బోరు, ప్రతి బావి వీడియో కాల్‌లో చూపించమనండి. భూమి అమ్మేటప్పుడు పాత బోర్లు, బావులు ఎక్కడున్నాయో కొనేవాళ్లకు రాసివ్వండి. కొనేవాళ్లు కూడా హద్దులు చూసుకున్నట్టే వీటినీ చూసుకోవాలి.

ప్రమాదం జరిగితే మొదటి పది నిమిషాలు

112కు ఫోన్ చేసి "బోరులో బిడ్డ పడింది" అని స్పష్టంగా చెప్పి ఊరు, మండలం చెప్పండి. అంబులెన్సుకు 108, అగ్నిమాపక కేంద్రానికి 101. రెండు రాష్ట్రాలకూ ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ విజయవాడ దగ్గర ఉంది, దాన్ని జిల్లా అధికారులు పిలిపిస్తారు. వాళ్లు వచ్చేలోపు జనాన్ని మూతి నుంచి దూరంగా జరపండి. జనం తొక్కిడికి మట్టి లోపలికి రాలుతుంది. అధికారులు చెప్పకుండా జేసీబీని దగ్గరికి రానివ్వకండి, ఆ అదురుకు బిడ్డ ఇంకా కిందికి జారవచ్చు. కొక్కేలు, ఉచ్చులు దింపి లాగే ప్రయత్నం చేయకండి. అమ్మ గొంతు వినపడేలా పైనుంచి పలకరిస్తూ ఉండమనండి. ఆక్సిజన్ పంపడానికి అంబులెన్సువాళ్లకు దారి వదలండి.

సహాయక బృందం రాగానే అడిగేవి మూడు: బోరు ఎంత లోతు, కేసింగ్ ఎన్ని అడుగుల వరకు ఉంది, కింద ఉన్నది మట్టా, రాయా. పక్కన సమాంతరంగా గుంత ఎక్కడ, ఎంత లోతు తవ్వాలో వాళ్లు ఈ మూడింటిని బట్టే తేల్చుకుంటారు. బోరు వేయించిన రోజే బండివాళ్ల దగ్గర ఈ వివరాలు రాయించుకుని, ఆ కాగితం ఫొటో మీ ఫోన్‌లో, ఇంకొకటి కౌలు రైతు ఫోన్‌లో ఉంచండి.